పదింటికి లేపు

మా వదిన గురించి చెప్పమంటే నాకు ముందు ఆవిడ చెప్పులే గుర్తొస్తాయి. ఏడాదికి మూడు జతలు అరగదీసేది. కుడికాలి చెప్పు ఎక్కువ అరిగేది, ఆ మోకాలు నొప్పితో కాలు ఈడ్చి నడిచేది కాబట్టి. "మీ పుణ్యమా అని చెప్పుల కొట్టువాడు ఇల్లు కట్టుకుంటున్నాడు వదినా" అని నేను ఎగతాళి చేస్తే, "కట్టుకోనీలే, నాకు ప్రార్థన పెట్టడానికి ఇంకో ఇల్లు పెరుగుతుంది" అనేది. ఆవిడతో మాటల్లో గెలవడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

వదినంటే మా ఆయనకు అక్క. పెళ్ళైన నాలుగో ఏటే భర్త పోతే తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. నేను ఈ ఇంట్లో కాలు పెట్టేనాటికే చర్చివాళ్ళ మిషనులో సేవకురాలిగా చేరి ఉంది. నాకొక ఆడబిడ్డ ఉందని తెలుసు గానీ, ఆవిడతో పాటు ఆరు వీధుల కష్టాలు కూడా మా ఇంట్లోనే కాపురముంటాయని పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు.

ఆరు వీధులు మిషను వాళ్ళు అప్పగించినవి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు ప్రార్థన చేసుకుని, ఐదింటికి బయల్దేరి ఇల్లిల్లూ తిరిగేది. జబ్బు చేసినవాళ్ళ పక్కన కూర్చునేది. చదువురానివాళ్ళకు ఆసుపత్రి కాగితాలు చదివిపెట్టేది. ఎవరైనా పోతే ఆ ఇంటి పిల్లలకు తల దువ్వి అన్నం పెట్టేది. లేచి వచ్చేముందు సంచిలోంచి నల్ల అట్ట నోటుపుస్తకం తీసి, "మీకోసం ఏం అడగను?" అనేది. వాళ్ళు చెప్పింది రాసుకునేది, పక్కనే ఏ గంటకు అడగాలో వేసుకునేది. అదే ఆవిడ పద్ధతి. పరీక్ష పదకొండింటికైతే సరిగ్గా పదకొండింటికి, ఇంటర్వ్యూ మూడింటికైతే మూడింటికి, ఎక్కడున్నా సరే కళ్ళు మూసుకునేది. ఒకసారి నీళ్ళ ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి ఉండగా పదకొండుంబావు అయింది. ఎవరో పిల్ల ఫలితాలట. ఈవిడ బిందె పట్టుకుని కళ్ళు మూసుకుంది, వెనకవాళ్ళంతా ముందుకెళ్ళిపోయారు. ఖాళీ బిందెతో ఇంటికొచ్చి, "పిల్ల పాసయ్యిందే అమ్మాయ్!" అంది నవ్వు మొహంతో. "పాసైతే ఆ పిల్లనే వచ్చి అంట్లు తోమమనండి" అన్నాను నేను.

ఇరవై ఆరేళ్ళలో ఒక్క గంట తప్పలేదు. ఈ మాట వీధుల్లో అందరికీ తెలుసు. అందుకే ఆవిడను ప్రార్థనమ్మ అనేవారు.

ఆ ఏడాది ఊళ్ళో జ్వరాలు పట్టుకున్నాయి. ఇంటికి ఇద్దరు చొప్పున పడిపోయారు. మిషనులో తిరిగే మిగతా ఇద్దరిలో ఒకామె పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, రెండో ఆమె తనే మంచం పట్టింది. వాళ్ళ వీధులు కూడా వదిన నెత్తిన పడ్డాయి. మొత్తం పదకొండు. అన్నం తింటూ తింటూ చేతిలో ముద్ద అలాగే ఉండగా కునికేది. గొంతు బొంగురుపోయింది. ఒకరోజు నేను ఆవిడ కాళ్ళకు వేడినీళ్ళు పెడుతుంటే, తల వంచుకుని మెల్లగా అంది.

"నోరు అడుగుతోందే అమ్మాయ్, మనసు రావట్లేదు. పేర్లు చదువుతున్నాను, మొహాలు గుర్తురావట్లేదు. ఇలాంటి ప్రార్థన ఆయన వింటాడంటావా?"

"ఆయన సంగతి నాకేం తెలుసు? నా మాట మీరు వినండి ముందు. రెండ్రోజులు పడుకోండి."

"పడుకుంటే ఆ వీధులు ఎవరు చూస్తారు?" అంది. ఈ ఒక్క ప్రశ్నతో ఆవిడ నా నోరు ఎన్నిసార్లు మూయించిందో.

అప్పుడే మా వీధి చివర టైలరమ్మకు కడుపులో గడ్డ అని తేలింది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి ఒంటరిగా బతికే మనిషి. నోరు పెద్దది, ధైర్యం చిన్నది. ఆపరేషను మంగళవారం పదింటికి అన్నారు. ఆదివారం మా ఇంటికొచ్చి నా ఇస్త్రీ బల్ల పక్కనే కూలబడి ఏడ్చింది. నేను వసారాలో బట్టలు ఇస్త్రీ చేస్తాను లెండి, వచ్చినవాళ్ళందరికీ అదే మొదటి మజిలీ.

"కోస్తారని కాదు వదినగారూ భయం" అంది టైలరమ్మ. మా వీధంతా నన్ను చూసి మా వదినను వదినగారనే పిలిచేది, ప్రార్థనమ్మ అనేది మిగతా వీధుల్లో. "మత్తిచ్చాక నేను ఉండను కదా. ఆ టైములో నా తరఫున ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. లేకపోతే నేను తిరిగి రానేమో అనిపిస్తోంది."

"నేనుంటాను" అంది వదిన. పుస్తకం తీసి, మంగళవారం, పది, అని రాసి కింద గీత గీసింది.

సోమవారం పొద్దున వెళ్ళిన మనిషి మంగళవారం తొమ్మిదింటికి తిరిగొచ్చింది. ఎవరింట్లోనో ముసలాయన పోయాడు, కూతుళ్ళు వచ్చేదాకా అక్కడే ఉండిపోయిందట. వసారా మెట్టెక్కడానికి గోడ పట్టుకుంది. లోపలికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా మంచమ్మీద ఒరిగిపోయింది.

"పదింటికి లేపు అమ్మాయ్. మర్చిపోకు. టైలరమ్మది."

"సరే, పడుకోండి."

పదికి ఐదు నిమిషాలుండగా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి లోపలికెళ్ళాను. నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చెంపలు లోపలికి పోయాయి. భుజం మీద చెయ్యి వేయబోయి ఆగాను. ఎందుకు ఆగానో నిజం చెప్పాలంటే రెండు ముక్కలు చెప్పాలి. మొదటిది, జాలి. ఆ మనిషిని ఆ స్థితిలో లేపడానికి చేతులు రాలేదు. ఈ ముక్క చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది.

రెండోది బాగుండదు. అంతకు ముందు వారం నాకూ జ్వరం వచ్చింది. మూడు రోజులు వెనకగదిలో పడి ఉన్నాను. వదిన వాకిట్లోంచే "తగ్గిందా?" అని అడిగి పదకొండు వీధులకు వెళ్ళిపోయేది. నాలుగోరోజు నేను లేచి, ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు నల్ల పుస్తకం తీసి చూశాను. ఎవరి గేదె పాలివ్వట్లేదో కూడా ఉంది. నా పేరు లేదు. మంగళవారం పదింటికి ఆ మంచం పక్కన నిలబడి నేను అనుకున్న మాట ఇది: ఒక్కరోజు ఈవిడ ప్రార్థన చేయకపోతే ఏం కొంపలు మునిగిపోతాయో చూద్దాం. అనుకుని, ఆవిడ చెప్పులు విప్పి, దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

వదిన రెండింటికి లేచింది. గడియారం చూసి, "అయ్యో దేవుడా" అని కేకపెట్టింది. నేను పరిగెత్తుకెళ్ళాను. "లేపలేదేంటే?" అని అడిగింది. అరవలేదు, అడిగింది అంతే.

"లేపాను వదినా. రెండుసార్లు లేపాను. మీరే మూలిగి అటు తిరిగి పడుకున్నారు."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! మూలగడం, అటు తిరగడం కూడా కల్పించాను. ఆవిడ నన్ను అనుమానించనే లేదు. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "రెండుసార్లా" అంది.

టైలరమ్మకు ఆపరేషను బ్రహ్మాండంగా జరిగింది. గడ్డ చెడ్డది కాదన్నారు. వారంలో ఇంటికొచ్చేసింది. హమ్మయ్య, గండం గడిచింది, ఇంక ఈ సంగతి మర్చిపోవచ్చు అనుకున్నాను. నా తెలివి అంతమటుకే.

వదిన మర్చిపోలేదు. మోకాళ్ళ కింద వేసుకునే దుప్పటి తీసేసింది, వట్టి గచ్చు మీద మోకరించేది. మధ్యాహ్నం ఒరగడం మానేసింది. ఒక పూట తిండి మానేసింది. నాలుగో వారానికి కుడి మోకాలు కొబ్బరికాయంత అయింది. మా ఆయన తిడితే, "ప్రభువు ప్రార్థన చేసుకుంటుంటే తోటలో నిద్రపోయిన శిష్యుల్లో నేనూ ఒకదాన్ని తమ్ముడూ. వాళ్ళూ అంతే, ఆయన లేపినా మళ్ళీ పడుకున్నారు" అంది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. అన్నం దించబోతూ చెయ్యి కాల్చుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో టైలరమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. కొత్త చీర కట్టుకుంది. "నాకు మత్తిచ్చేముందు ఎవరో చెయ్యి పట్టుకున్నట్టయింది. గడియారం చూశాను, పది. మా వదినగారు మోకరించి ఉంటారు అనుకున్నాను. భయమంతా పోయింది. ఆవిడే నన్ను మోసుకొచ్చింది" అంది. అందరూ స్తోత్రం అన్నారు.

వదిన గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"నేను ఆ గంటకు ప్రార్థన చేయలేదు" అంది వదిన. "నిద్రపోయాను. మా మరదలు పాపం రెండుసార్లు లేపింది. నేనే లేవలేదు. నన్ను క్షమించండి."

పక్కనున్నామె నా చెయ్యి నొక్కి, "నువ్వు మంచిదానివి" అంది. తల కొట్టేసినట్టయింది. అప్పుడు లేచి చెప్పాల్సింది. కాళ్ళు ఉన్నాయి, నోరు ఉంది, మామూలప్పుడు ఆ నోటికి మూత ఉండదని మా ఆయనే అంటాడు. ఆరోజు మాత్రం పెగల్లేదు.

టైలరమ్మ మొహం మాడ్చుకుని కూర్చుంది. ప్రార్థన అయిపోగానే వదినతో మాట్లాడకుండా వెళ్ళిపోయింది. "నా ప్రాణం మీదికొస్తే ఆవిడకు నిద్రొచ్చిందట" అని కుట్టుమిషను తొక్కుకుంటూ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. రెండిళ్ళవాళ్ళు వదిన వెళితే తలుపు సగమే తెరిచారు. వదిన దానికీ ఏమీ అనలేదు. "నిజమే కదా" అంది.

శుక్రవారం సాయంత్రం వదిన ఒక కాగితం పట్టుకుని నా ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చింది. "పాస్టరుగారికి రాశాను. తప్పులుంటే చూడవే. ఆదివారం ఇచ్చేస్తాను" అంది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి చదివాను. 'నా వీధులు ఇంకెవరికైనా అప్పగించండి. నా శరీరం నా మాట వినడం లేదు. మా మరదలు రెండుసార్లు లేపినా లేవలేనిదాన్ని ఇంకొకరి కోసం మెలకువగా ఉంటానని ఎలా మాటివ్వను?' అని ఉంది. ఎంత గుండ్రంగా రాస్తుందో ఆవిడ. నా అబద్ధం ఆ గుండ్రటి అక్షరాల్లో ఎంతో ముచ్చటగా కూర్చుని ఉంది.

ఆ వీధులు పోతే ఆవిడకు ఇంకేం మిగులుతుంది? నాకు అది తెలుసు. పదకొండు వీధుల్ని నేను ఎన్ని తిట్టినా, అవి లేని వదినను మంచం అంచున కూర్చోబెట్టి ఊహించుకుంటే భయమేసింది.

"తప్పుంది వదినా" అన్నాను.

"ఎక్కడ?"

"రెండుసార్లు లేపినా అన్న దగ్గర. నేను లేపలేదు."

ఆవిడకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. పది గంటలకు లోపలికొచ్చానని, మొహం చూసి జాలేసిందని, చెప్పులు విప్పి దుప్పటి కప్పి వెళ్ళిపోయానని చెప్పాను. అక్కడ ఆపేద్దామనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూనే ఉంది. వేల మంది కష్టాలు విన్న మనిషి, ఎవరు సగం చెప్పి ఆపారో ఆవిడకు తెలుస్తుంది. ఇక రెండో ముక్క కూడా చెప్పేశాను. పుస్తకంలో నా పేరు వెతికానని, కొంపలు మునుగుతాయేమో చూద్దామనుకున్నానని, అన్నీ. చెబుతూ ఏడ్చాను. ఇస్త్రీ చేసిన ఎవరిదో చొక్కాతోనే కళ్ళు తుడుచుకున్నాను.

వదిన కాగితం తీసుకుని మడత పెట్టి, కుర్చీలో కూలబడింది. "ఐదు వారాలు" అంది. "ఐదు వారాలు నేను నా ఒంటిని శత్రువులా చూశానే. నీకు కనబడలేదా?"

"కనబడింది."

"కనబడినా చెప్పలేదు."

"చెప్పలేదు."

"నాకు నీమీద చాలా కోపంగా ఉంది. ఇది తొందరగా తగ్గేది కాదు" అంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. లేచి లోపలికెళ్ళింది. తలుపు వేసుకుంటుందనుకున్నాను. నల్ల పుస్తకం తెచ్చుకుంది. బల్ల మీద పెట్టి, తారీఖు వేసి, నా పేరు రాసింది. గడియారం చూసి, ఆరున్నర అని గంట వేసింది. మోకరించబోయి, మోకాలు వంగక, కుర్చీలో కూర్చుంది. నన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచీ కుర్చీలోనే చేస్తోంది, అది వేరే సంగతి.

ఆవిడ ఎవరికోసం చేసినా ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, దేవుడి దగ్గర నాజూకులు పోదు. "అయ్యా, ఇది నాతో అబద్ధమాడింది" అని మొదలుపెట్టింది. గోడవతల పక్కింటావిడ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "నామీద కక్షతో టైలరమ్మ గంట పోగొట్టింది. నాకు కోపంగా ఉంది, ఆ కోపం నాకు చేతకావట్లేదు, నువ్వే చూసుకో. ఇది మూడు రోజులు జ్వరంతో పడుకుంటే నేను వాకిట్లోంచి పలకరించాను. ఊరందరి మంచాల పక్కనా కూర్చుని, నా ఇంట్లో మంచం దగ్గరికి పోలేదు. అది నా తప్పు. దాని తప్పు దానిది, నా తప్పు నాది. రెండూ నీ ముందు పెడుతున్నాను." నేను తల ఎత్తలేకపోయాను. తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్ని.

అయ్యాక, "టైలరమ్మకు నువ్వే చెప్పు. నేను రాను" అంది.

మర్నాడు వెళ్ళాను. టైలరమ్మ పళ్ళతో దారం కొరుకుతూ విన్నది. ఎక్కడా అడ్డం రాలేదు, అది ఆమెకు కొత్త. అంతా విన్నాక నన్ను నాలుగు దులిపింది. అవి ఇక్కడ రాయను, అన్నీ నాకు తగినవే. తరవాత కుట్టుమిషను ఆపి, కత్తెర చేతిలో పట్టుకుని ఆలోచించింది.

"అయితే ఆ పదింటికి నాకోసం ఎవరూ చేయలేదన్నమాట."

"లేదు."

"కానీ ఎవరో చెయ్యి పట్టుకున్నారు. సాక్ష్యం కోసం కల్పించింది కాదది. ఇదిగో, ఈ చెయ్యి." కత్తెర పెట్టేసి ఎడమచెయ్యి నా ముందు చాపింది. "ఇంక నువ్వెళ్ళు. ఆవిడతో చెప్పు, సాయంత్రం వస్తానని. నీతో మాత్రం నాలుగు రోజులు మాట్లాడను."

ఇంటికొచ్చి వదినకు అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆవిడ మోకాలికి మందు రాసుకుంటోంది. చెయ్యి ఆగిపోయింది. "ఎవరూ చేయకపోయినానా" అంది. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగానే. "ఇరవై ఆరేళ్ళుగా ఇంటింటికీ తిరిగి చెబుతున్నానే, ఆయన నిద్రపోడు, మీరు నిశ్చింతగా పడుకోండని. నేనొక్కదాన్నే నమ్మలేదన్నమాట! ఆయనకు నేను కాపలా కాస్తున్నాననుకున్నాను." పాస్టరుగారికి రాసిన ఉత్తరాన్ని చింపి, మందు చెయ్యి దాంతోనే తుడుచుకుంది. వీధులు మాత్రం ఆరే చూస్తానని, మిగతా ఐదింటికి మనిషిని వెతకమని ఆదివారం పాస్టరుగారికి నోటితోనే చెప్పింది.

నామీద కోపం మాత్రం తగ్గలేదు. అన్నట్టే అయింది. మాట్లాడేది, తినేది, కానీ "అమ్మాయ్" అనడం మానేసింది. పది రోజులు. నా అంతట నేను క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ చర్చిలో ఆవిడ ఒక్కతే గోడ పట్టుకుని నిలబడ్డం ఇస్త్రీ చేస్తున్నా కనబడేది.

పదకొండో రోజు పడుకోబోయేముందు ఆవిడ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చింది. "రేపు నాలుగింటికి లేపు అమ్మాయ్" అంది. అంతే, వెళ్ళి పడుకుంది.

ఎన్నడూ ఒకరు లేపాల్సిన పని లేకుండా నాలుగింటికి తనే లేచే మనిషి. నేను రెండింటినుంచే గడియారం చూస్తూ పడుకున్నాను. నాలుగు కాగానే వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. "వదినా, నాలుగైంది" అన్నాను. కళ్ళు తెరిచింది. ఆ కళ్ళలో నిద్ర లేదు. జడ అప్పటికే వేసుకుని ఉంది. దుప్పటి కింద చీర కుచ్చిళ్ళు నలగకుండా సర్దుకుని, నేను వచ్చి లేపేదాకా కళ్ళు మూసుకుని పడుకుంది.